తోడబుట్టినవాళ్ల సంగతి

మనిషికున్న బంధాల్లో ఎక్కువ కాలం నిలిచేది తోబుట్టువుల బంధం. అమ్మానాన్నలు జీవితంలో సగం దూరం వరకే తోడుంటారు. భార్యో భర్తో, పిల్లలో మధ్యలో వచ్చి చేరతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రం పాలుతాగే వయసు నుంచి నడుం వంగే వయసు దాకా ఒకరికొకరు తెలిసినవాళ్లు. వాళ్లలో ఒకరు వైకల్యంతో పుట్టినా, చిన్నతనంలో జబ్బు చేసి వైకల్యం పాలైనా, ఆ ఇంట్లో రెండో బిడ్డ బాల్యం కూడా వేరే దారి పడుతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లో గానీ, పింఛను జాబితాలో గానీ, డాక్టరు రాసే చీటీలో గానీ ఆ రెండో బిడ్డ పేరు ఉండదు. ఇంటికొచ్చిన చుట్టం కూడా ముందు అడిగేది వైకల్యం ఉన్న బిడ్డ గురించే. పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చున్న బిడ్డ ఎలా ఉందో ఎవరూ అడగరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నారు. ఆ లెక్కలు ఎనిమిది రకాల వైకల్యాలను మాత్రమే నమోదు చేశాయి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, కండరాల క్షీణత, తలసీమియా, నేర్చుకోవడంలో ఇబ్బందులు వంటివి అందులో చేరాయి. వీరితో కలిసి పెరిగిన తోబుట్టువులు ఎందరో ఆ లెక్కల్లో లేదు.

ఆ తోబుట్టువుల బాల్యం ఎలా గడుస్తుందో కోవూరు దగ్గర చూద్దాం. నెల్లూరు జిల్లాలోని ఈ ఊరు పెన్నానదికి ఉత్తరపు ఒడ్డున ఉంది. వంతెన దాటితే నెల్లూరు. చుట్టూ పెన్న కాలువల కింద సాగయ్యే వరి మాగాణి, పాటూరులో చేనేత మగ్గాలు, తూర్పుకు వెళ్తే సముద్రం ఒడ్డు పల్లెలు. ఇలాంటి చోట చాలా ఇళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. ఇంట్లో అవ్వ ఉంటే వైకల్యం ఉన్న బిడ్డను ఆమె చూస్తుంది. అవ్వ లేకపోతే, ఉన్నా కళ్లు ఆనకపోతే, ఆ పని పెద్దపిల్ల మీద పడుతుంది. నాట్లు, కలుపులు, కోతలు వచ్చినప్పుడు కూలి రోజుకు రోజే కాబట్టి తల్లి ఆగలేదు. బడి ఆగుతుంది. రెండో పంటగా ఎడగారు కూడా వేసిన ఏడాది ఆ పనుల కాలం ఇంకా పెరుగుతుంది.

ఆ పని ఎలాంటిదో దగ్గరగా చూడాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి అన్నం పెట్టడాన్నే తీసుకుందాం. పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తల్లోనో మెదడుకు కలిగిన దెబ్బ వల్ల అతని కండరాలు చెప్పిన మాట వినవు. వెల్లకిలా పడుకోబెట్టి పెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అందుకని గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకుండా కాస్త ముందుకు వంచి పట్టుకోవాలి. మెత్తగా పిసికిన పప్పన్నమో, పలచగా చేసిన రాగి సంగటో చెంచాకు సగం తీసుకుని నాలుక మధ్యలో ఆనించాలి. గొంతు కదిలి మింగాడని తెలిశాకే రెండో ముద్ద. తొందరపడితే పొలమారుతుంది. ఒక పూట తిండికి అరగంట, ఒక్కోసారి ముప్పావు గంట పడుతుంది. తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు. తొమ్మిదేళ్ల అక్క ఇదంతా అమ్మను చూసి నేర్చుకుంటుంది. ఏ ఏడుపు ఆకలిదో, ఏ ఏడుపు కాలు పట్టేసినందుకో ఆమెకు తెలుసు. మూతి తుడిచే తువాలు భుజాన వేసుకుని బడి బస్సు చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటుంది.

మూర్ఛ సంగతి కూడా ఇలాంటిదే. మెదడు దెబ్బతిన్న పిల్లల్లో మూర్ఛలు తరచుగా ఉంటాయి. వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది ఎక్కువగా తోబుట్టువే. చేతిలో తాళంచెవి పెట్టడం, ఇనుప ముక్క పట్టించడం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. దానివల్ల మేలేమీ లేదు. పళ్ల మధ్య చెంచా దూర్చడం ప్రమాదం కూడా. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తటిది ఉంచడం, దగ్గర ఉన్న గట్టి వస్తువులు తీసేయడం, గడియారం చూడడం, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లడం: ఇంతవరకు పదేళ్ల పిల్లలకు నేర్పవచ్చు. నేర్పితే వాళ్ల భయం సగం తగ్గుతుంది. కానీ మందుల చీటీ రాసేటప్పుడు డాక్టరు మాట్లాడేది తల్లిదండ్రులతోనే. ఆ సమయంలో తోబుట్టువు గది బయట బల్ల మీద కూర్చుని ఉంటుంది.

చిన్నపిల్లలు తమకు చెప్పని విషయాన్ని ఊహించుకుని పూరించుకుంటారు. నాలుగైదేళ్ల బిడ్డకు అన్న జబ్బు తనకూ అంటుకుంటుందేమోనని అనిపిస్తుంది. ఆరేడేళ్ల బిడ్డ తాను తోసినందుకే తమ్ముడికి ఇలా అయిందని లోలోపల నమ్మవచ్చు. ఆ నమ్మకం ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా మోస్తుంది. పది దాటాక కారణం అర్థం చేసుకోగలరు, ఆపైన స్నేహితుల ముందు సిగ్గు మొదలవుతుంది. కాబట్టి ఏ వయసుకు ఆ వయసు మాటల్లో నిజం చెప్పడం పెద్దల పని. ‘నీవల్ల కాదు, నీకు అంటుకోదు, డాక్టరు కూడా పూర్తిగా నయం చేయలేడు, కానీ మనం చేయగలిగింది ఉంది’ అన్న నాలుగు మాటలు చాలా భారాన్ని దించుతాయి. ‘చిన్నపిల్ల, దానికెందుకు’ అని చాలా ఇళ్లలో ఆ మాటలు చెప్పరు.

తమ్ముడు అన్నను దాటిపోయే రోజు మరో కష్టమైన మలుపు. బుద్ధిమాంద్యం ఉన్న అన్న ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే, మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు సైకిలు తొక్కేస్తాడు. పిలుపులో అన్నే అన్న, నడవడిలో తమ్ముడే అన్న. తమ్ముడికి గర్వం, జాలి ఒకేసారి పుడతాయి. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఇంట్లో పండగ చేసుకోవడానికి కూడా జంకు. తల్లి ముఖం చూసి నవ్వాలా వద్దా అని తేల్చుకునే పిల్లలు ఉన్నారు. దీనికి వ్యతిరేకంగా కొన్ని ఇళ్లలో ఇద్దరి మీద పెట్టుకున్న ఆశలన్నీ ఒక్కరి మీద వేస్తారు. ‘నువ్వన్నా బాగా చదవాలి’ అనే మాటలోని ఆ ‘అన్నా’ పిల్లవాడి భుజాల మీద కూర్చుంటుంది.

బడి దగ్గర పరిస్థితి కొంత మెరుగైంది. 2016 చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు చదువు చెబుతారు, ఫిజియోథెరపీ కూడా అందిస్తారు. కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠాలు చెప్పే పద్ధతీ ఉంది. పిల్లవాణ్ణి కేంద్రానికి తీసుకొచ్చే తోడు మనిషికి ఎస్కార్ట్ అలవెన్సు ఇస్తారు. ఆ తోడు మనిషి తల్లి కాని రోజున, అక్కో చెల్లో తన బడి వదులుకుని వస్తుంది. భవిత హాజరు పట్టీలో తమ్ముడికి టిక్కు పడిన రోజునే, తన బడి పట్టీలో ఆమెకు గైర్హాజరు పడుతుంది. రెండు పట్టీలనూ ఒకచోట పెట్టి చూసే ఉపాధ్యాయుడు ఉంటే ఈ సంగతి ఒక్క వారంలో బయటపడుతుంది.

ఇద్దరూ ఒకే బడిలో ఉంటే వేరే చిక్కు. ఊళ్లలో పిల్లలు మనిషికి వైకల్యంతోనే పేరు పెడతారు, ఆ పేరు తోబుట్టువుకూ అంటిస్తారు. ఎనిమిదేళ్ల చెల్లెలు అన్న కోసం గొడవపడి మోకాలు చీరుకుని వస్తుంది, లేదంటే ఇంటర్వెల్లో అన్నకు దూరంగా వెళ్లి నిలబడుతుంది. రెండూ ప్రేమ ఉన్నచోటే జరుగుతాయి. దూరంగా నిలబడిన పిల్లను తిట్టడం కంటే పేరు పెట్టిన పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడడం ఉపాధ్యాయుడి ధర్మం. చెవిటి పిల్లల తోబుట్టువులది మరో పాత్ర. సైగలు అందరికంటే ముందు, అమ్మకంటే బాగా వాళ్లకే వస్తాయి. కొట్టు దగ్గర, బస్సులో, ఆసుపత్రిలో వాళ్లే దుబాసీలు. పెద్దల మధ్య జరిగే మాటలు, డబ్బు విషయాలు, జబ్బు విషయాలు ఆ వయసు పిల్లలు మోసేవి కావు.

తల్లిదండ్రులు నయం చేయించుకోవడానికి తిరిగే తిరుగుళ్లలో కూడా తోబుట్టువు వాటా ఉంది. పెన్న ఒడ్డునే ఉన్న జొన్నవాడ కామాక్షీ తాయి గుడిలో నిద్ర చేస్తే మానసిక బాధలు పోతాయని ఈ ప్రాంతంలో తరాల నమ్మకం. కసుమూరు దర్గాకు కూడా అలాగే వెళ్తారు. ఆ తరవాత నెల్లూరు, తిరుపతి, చెన్నై ఆసుపత్రులు. మొక్కు అమ్మానాన్నలకు ధైర్యం ఇస్తుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ వారాలన్నీ రెండో బిడ్డ మేనత్త ఇంట్లోనో, పక్కింట్లోనో గడుపుతుంది. అప్పు చేసి తిరిగిన డబ్బు ఆమె ఫీజుకు, కొత్త గౌనుకు తగ్గుతుంది. తనకు జ్వరం వచ్చినా చెప్పకుండా పడుకోవడం ఈ పిల్లల్లో తరచుగా కనిపించే గుణం. ‘మాకు ఈ పిల్ల వల్ల ఏ కష్టమూ లేదు’ అని తల్లి మెచ్చుకునే బిడ్డ ఎక్కువగా ఆ పిల్లే. కష్టం చెప్పుకోని బిడ్డకు కష్టం లేదని అనుకోకూడదు.

ఈ విషయం మీద పాశ్చాత్య దేశాల్లో అర్ధశతాబ్దంగా పరిశోధన జరుగుతోంది. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్రాస్‌మన్ 1972లో ప్రచురించిన అధ్యయనంలో బుద్ధిమాంద్యం ఉన్నవారి తోబుట్టువులైన 83 మంది కాలేజీ విద్యార్థులతో మాట్లాడారు. మేలు జరిగిందన్నవారు, చెడు జరిగిందన్నవారు దాదాపు సరిసమానంగా, ఒక్కో వైపు 45 శాతం, తేలారు. 2001లో రాసిటర్, షార్ప్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 25 అధ్యయనాలను కలిపి లెక్కించగా, నష్టం ఉన్నా అది స్వల్పమేనని తేలింది. 2011లో బ్రయన్ స్కాట్కో బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి తోబుట్టువులు 822 మందిని అడిగితే, 96 శాతం మంది తమ అన్నో చెల్లో అంటే ప్రేమ అన్నారు. పెద్ద తోబుట్టువుల్లో 88 శాతం మంది దానివల్ల తాము మంచి మనుషులం అయ్యామన్నారు. ఇంట్లో డబ్బు, చుట్టాల తోడు, చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాయా లేదా అన్నదాని మీద ఫలితం చాలా వరకు ఆధారపడుతుంది. పశ్చిమ దేశాల్లో లేనివి మన ఇళ్లలో కొన్ని ఉన్నాయి: అవ్వలు, పిన్నమ్మలు, గోడ పక్కనే ఇల్లు. మన దగ్గర ఉండి అక్కడ అంతగా లేని కష్టమూ ఒకటుంది, అది పెళ్లి సంబంధాల భయం.

పెళ్లి విషయం కాస్త వివరంగా చూడవలసిందే. పెళ్లిచూపుల రోజున వైకల్యం ఉన్న అన్నను పక్కింటికి పంపేయడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. ‘వాళ్ల ఇంట్లో ఒకడు అలా ఉన్నాడంట’ అనే మాట చెల్లెలి సంబంధాన్ని చెడగొడుతుందని భయం. దాచిపెట్టిన సంగతి పెళ్లయ్యాక తెలిస్తే ఆ నిందంతా పిల్ల మీదే పడుతుంది. ముందే చెప్పి, డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పి చేసుకున్న పెళ్లిలో ఆమె తల ఎత్తుకుని ఉంటుంది, అన్నను తన ఇంటికి భోజనానికి పిలుచుకోగలుగుతుంది. కుండమార్పిడి పెళ్లిళ్లు ఇంకో పద్ధతి. రెండు ఇళ్ల మధ్య అటు పిల్లను ఇచ్చి ఇటు పిల్లను తెచ్చుకుంటారు. వైకల్యం ఉన్న కొడుక్కి పిల్ల దొరకనప్పుడు అతని చెల్లెలిని పిల్లనిచ్చే ఇంటికి ఇవ్వడం షరతుగా మారుతుంది. ఆమె ఇష్టం ఎవరూ అడగరు. అన్న బాగు కోసం అంటే ఆమె కాదనలేదు కూడా. పెద్దలు ఎంత మంచి మనసుతో చేసినా ఇది అన్యాయమే.

భయంలో నిజమెంతో వైద్యశాస్త్రం చెబుతుంది. వైకల్యాలు చాలావరకు వంశంలో దిగేవి కావు. కాన్పు కష్టమై, పుట్టగానే ఊపిరి అందక వచ్చిన సెరిబ్రల్ పాల్సీ తోబుట్టువు పిల్లలకు రాదు. పోలియో ఒక వైరస్. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో దేశం పోలియోరహితమని ప్రకటించారు. డౌన్ సిండ్రోమ్‌లో నూటికి తొంభై అయిదు పాళ్లు వంశపారంపర్యం కాదు. మిగిలిన కొద్దిలో క్రోమోజోమ్ అతుకు కారణం కావచ్చు, బిడ్డకు కారియోటైప్ పరీక్ష చేస్తే అది తెలుస్తుంది. నెల్లూరు జిల్లాకు సంబంధించిన మరో ఉదాహరణ నీళ్లది. మనదేశంలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వివరించింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అక్కడ ఒకే ఇంట్లో అన్నదమ్ములందరూ ఒంగిపోయింది వంశదోషం వల్ల కాదు, ఒకే బావి నీళ్లు తాగినందువల్ల.

వంశంలో దిగేవీ ఉన్నాయి. కొన్ని రకాల పుట్టు చెవుడు, తలసీమియా వంటి జబ్బుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ దోషమున్న జన్యువును మోస్తుంటారు, వారికి జబ్బు ఉండదు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ జబ్బున్న బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు ఆ జన్యువును మోస్తుండే అవకాశం మూడింట రెండు. బయటి కుటుంబంలో పెళ్లి చేసుకుంటే అవతలి మనిషి కూడా అదే జన్యువును మోసే అవకాశం బాగా తక్కువ కాబట్టి పిల్లలకు ప్రమాదం తక్కువ. మేనమామను గానీ, మేనబావను గానీ చేసుకుంటే ఆ జన్యువు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు దక్షిణాదిలో ఎక్కువ, అందులో తెలుగునాడు కూడా ఉంది. కాబట్టి ఇంట్లో ఇలాంటి వైకల్యం ఉన్నప్పుడు తోబుట్టువుకు మేనరికం చేసే ముందు జన్యు సలహా తీసుకోవడం తప్పనిసరి. డ్యుషెన్ కండరాల క్షీణత తల్లి వైపు నుంచి మగపిల్లలకు దిగుతుంది. తల్లి ఆ జన్యువును మోస్తుంటే ప్రతి కూతురికీ దాన్ని మోసే అవకాశం సగం. హైదరాబాదులోని నిమ్స్‌లో జన్యు విభాగం, బేగంపేటలోని జన్యు వ్యాధుల ఆసుపత్రి ఇలాంటి సలహా ఇస్తాయి. ఒక్క రక్తపరీక్ష ఒక ఆడపిల్ల పదేళ్లపాటు మోస్తున్న భయాన్ని తీర్చేయవచ్చు.

డ్యుషెన్ ఉన్న ఇంట్లో ఇంకో దుఃఖం ఉంది. నాలుగైదేళ్లకు పరుగెత్తడంలో వెనకబడిన అబ్బాయి పన్నెండేళ్లకు చక్రాల కుర్చీకి చేరతాడు. చాలామంది యవ్వనంలోనే పోతారు. చెల్లెలు ఎదుగుతున్న కొద్దీ అన్న తగ్గిపోతుంటాడు. ఆ పిల్లతో చావు గురించి మాట్లాడడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాదు. మాట్లాడాలి.

పెళ్లి సంగతి తరవాత వచ్చేది ఆస్తి పంపకాలు. అందులో పాత హిందూ ధర్మశాస్త్రం పుట్టుగుడ్డి, చెవిటి, మతిలేనివారికి వారసత్వపు వాటా ఇవ్వలేదు, పోషణ మాత్రం ఇమ్మంది. 1928 చట్టం ఆ నిషేధాన్ని పుట్టుకతో మతి లేనివారికే పరిమితం చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఏ రోగం, ఏ వైకల్యం ఉన్నా వారసత్వం పోదని తేల్చింది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు కూడా ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయినా పల్లెల్లో ‘వాణ్ణి చూసుకునేవాడికే వాడి భాగం’ అనే ఒప్పందం నోటిమాటగా నడుస్తోంది. అది మంచితనం ఉన్నంతవరకు పని చేస్తుంది. వదిన వచ్చాక, పిల్లల చదువులు వచ్చాక, ఎకరం ధర పెరిగాక పని చేయదు. కాగితం మీద రాసుకోవడం అనుమానం కాదు, ఇద్దరికీ రక్షణ.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండగానే కన్నవాళ్లు కూడా చట్టరీత్యా సంరక్షకులు కారు. అవసరమైతే జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకుని సంరక్షకత్వం తీసుకోవాలి. ఆ కమిటీలో కలెక్టరుతో పాటు నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా దరఖాస్తు చేయవచ్చు. సంరక్షకుడైనవాడు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. అదే ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది, ఫిజియోథెరపీ వంటివి కూడా అందులో ఉన్నాయి. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ కాగితాలు చేయించుకుంటే, ఒక తెల్లవారుజామున వచ్చిన ఫోనుతో తోబుట్టువు అన్నిటికీ ఒక్కసారే నిలబడవలసిన అవసరం ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికే పరిమితమైనవారికి 15,000. ఒకటో తేదీ ఇంటికే వచ్చి ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మీద ఆధారపడిన వైకల్యం ఉన్న తోబుట్టువులు కుటుంబ పింఛనుకు అర్హుల్లో ఉన్నారు. వైకల్యం ఉన్న అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను చూసుకునే కేంద్ర ఉద్యోగులకు మామూలు బదిలీల నుంచి మినహాయింపు కోరే వీలు 2018 ఉత్తర్వులో ఉంది. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారికి వైకల్యం ఉన్నవారి పోషణ కింద 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 తగ్గింపు ఉంది, ఆధారపడిన తోబుట్టువుల విషయంలోనూ అది వర్తిస్తుంది. ఎస్కార్టు లేకుండా ప్రయాణించలేని బుద్ధిమాంద్యం ఉన్నవారికి రైల్వే స్లీపరులో ఇచ్చే 75 శాతం రాయితీ వెంట వెళ్లే మనిషికీ ఇస్తుంది. పడుగుపాడులోనో, నెల్లూరులోనో రైలెక్కి హైదరాబాదు ఆసుపత్రికి వెళ్లే అక్కాతమ్ముళ్లకు ఇది తక్కువ మేలు కాదు.

తోబుట్టువు పూనుకుంటే ఎంత జరుగుతుందో చూడండి: అమెరికాలో బుద్ధిమాంద్యం ఉన్నవారి ఆటల పోటీలైన స్పెషల్ ఒలింపిక్స్ వెనక ఉన్నది ఒక తోబుట్టువు. రోజ్‌మేరీ కెనెడీకి బుద్ధిమాంద్యం ఉండేది. 1941లో, 23 ఏళ్ల వయసులో, తండ్రి ఆమెకు లోబోటమీ అనే మెదడు ఆపరేషను చేయించడంతో నడక, మాట చాలావరకు పోయాయి. ఆ ఇల్లు ఆమెను ఏళ్ల తరబడి దాచింది. చెల్లెలు యూనిస్ కెనెడీ ష్రైవర్ 1962లో తన అక్క గురించి పత్రికలో బయటపెట్టి రాసింది, అదే ఏడాది ఇంటి పెరట్లో పిల్లల శిబిరం మొదలుపెట్టింది, 1968 జూలైలో చికాగోలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిపించింది. సియాటిల్‌లో డాన్ మేయర్ అనే వ్యక్తి 1980ల మొదట్లో తోబుట్టువుల కోసమే ఆటపాటలతో సమావేశాలు మొదలుపెట్టాడు. పిల్లలు ఆడుకుంటూ, తమలాంటి ఇళ్ల పిల్లలతో మాట్లాడుకుంటూ ఒక పూట గడుపుతారు, అంతే. ఆ పద్ధతి తరవాత చాలా దేశాలకు వెళ్లింది.

తెలుగునాట ఈ పని చేయగలిగిన చోట్లు ఉన్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, బుద్ధిమాంద్యం మీద దేశానికంతా శిక్షణ ఇస్తుంది. దాని ఆధ్వర్యంలో నెల్లూరులో కాంపోజిట్ రీజనల్ సెంటర్ నడుస్తోంది, కోవూరు నుంచి వంతెన దాటి వెళ్లే దూరమే. అక్కడా, భవిత కేంద్రాల్లోనూ తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే రోజున తోబుట్టువులనూ పిలిచి, వాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి, మూర్ఛ వస్తే ఏం చేయాలో చెప్పి, వాళ్ల ప్రశ్నలకు జవాబిస్తే దానికి కొత్త భవనం, కొత్త పథకం అక్కర్లేదు. వాళ్లడిగే మొదటి ప్రశ్న తరచుగా ఇదే: ‘మా అమ్మ తరవాత వీడు నా దగ్గరే ఉండాలా?’

ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే దొరకాలి. వైకల్యం ఉన్న మొదటి బిడ్డకు తోడుండాలని రెండో బిడ్డను కన్న తల్లిదండ్రులు చాలామంది. ఆ సంగతి పిల్లకు చిన్నప్పుడే తెలిసిపోతుంది, తెలిసినా బయటపెట్టదు. బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో ఆ మాట లేస్తుంది. అన్నను తన ఇంట్లో పెట్టుకోవడం ఒక దారి. ఊళ్లోనే జీతం ఇచ్చి మనిషిని పెట్టి, డబ్బు, మందులు, కాగితాలు తాను చూసుకోవడం మరో దారి. ఇద్దరు ముగ్గురు తోబుట్టువులు ఏడాదిని పంచుకోవడం ఇంకో దారి. కొన్నాళ్లు మంచి వసతిగృహంలో ఉంచడమూ దారే, అది వదిలించుకోవడం కాదు. ఏ దారైనా దాన్ని ఎంచుకునే మాటల్లో వైకల్యం ఉన్న మనిషిని కూడా కూర్చోబెట్టాలి. ఎక్కడ ఉండాలో, ఎవరి చేతి అన్నం తినాలో చాలామంది తమకు చేతనైన రీతిలో చెప్పగలరు.

తల్లి చేసే పనులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టడం ఉపయోగపడుతుంది. పొద్దున ఏ మాత్ర, రాత్రి ఏ మాత్ర, దేనికి భయపడతాడు, ఏ పాట పెడితే నిద్రపోతాడు, జ్వరం వస్తే ముందు ఏం గుర్తు కనిపిస్తుంది, స్నానానికి నీళ్లు ఎంత వేడి, ఎవరు వస్తే ఒప్పుకుంటాడు. దివ్యాంగుల గుర్తింపుకు ఇచ్చే యూడీఐడీ కార్డు, సదరం సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, సంరక్షకత్వ ఉత్తర్వు, వీలునామా నకలు ఆ పుస్తకంతోనే ఒక సంచిలో ఉండాలి. ఆ సంచి ఎక్కడుందో తోబుట్టువులందరికీ తెలిసి ఉండాలి, దూరదేశంలో ఉన్నవారికి కూడా.